వైర్‌లెస్ బ్రిడ్జి అవతలి పరికరాలన్నీ ఒకే మ్యాక్ అడ్రసుతో కనిపించడం: కారణమూ పరిష్కారమూ

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. ఇంటి దగ్గర ఫైబర్ కనెక్షను, దాని ప్రధాన రౌటరు ఉన్నాయి. అక్కడి నుంచి సుమారు 300 మీటర్ల దూరంలో, రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డుకు రెండు అవుట్‌డోర్ రేడియోలతో వైర్‌లెస్ బ్రిడ్జి (రెండు చోట్ల నెట్‌వర్కును గాలిలో కలిపే లింకు) వేశారు. షెడ్డులో నాలుగు ఐపీ కెమెరాలు, ఒక రికార్డరు, ఒక కంప్యూటరు ఒకే స్విచ్చికి కలిపి ఉన్నాయి. ఇంటర్నెట్ వస్తోంది, కెమెరాలూ చాలావరకు పనిచేస్తున్నాయి. అయితే రౌటరు పేజీలో ఆ ఆరు పరికరాలకు బదులు ఒకే వరుస కనిపిస్తోంది. పేజీని తెరిచిన ప్రతిసారీ ఆ వరుసలోని ఐపీ మారుతోంది. ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌పీ పట్టిక, అంటే ఏ ఐపీ ఏ మ్యాక్ అడ్రసుదో రాసి ఉంచుకునే పట్టిక చూస్తే, ఆరు ఐపీలకూ ఒకే మ్యాక్ అడ్రసు (సాధారణంగా తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంది. దీన్ని సరిచేయడానికి మీరు రౌటరులో ఐపీ-మ్యాక్ బైండింగు (ఒక ఐపీని ఒక మ్యాక్ అడ్రసుకు కట్టేసే సెట్టింగు) పెట్టి, రెండో కెమెరా స్టిక్కరు మీది మ్యాక్ అడ్రసును ఎక్కించారు. దానితో ఆ కెమెరా పూర్తిగా మాయమైంది. కరెంటు పోయి జనరేటరు మీదికి మారినప్పుడు ఐపీలు కూడా తారుమారవుతున్నాయి.

ఇందులో చెడిపోయిన పరికరం ఒక్కటీ లేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక రైసు మిల్లులో ఇవే లక్షణాలు చూసి, కెమెరాల్లోనే లోపం ఉందనుకొని రెండింటిని వెనక్కి పంపి కొత్తవి తెప్పించాను. కొత్తవి కూడా అదే మ్యాక్ అడ్రసుతో కనిపించిన తరువాతే నా దృష్టి బ్రిడ్జి వైపు మళ్లింది. ఆ మిల్లు యజమానికి రెండు రోజుల పనీ, రవాణా ఖర్చూ అనవసరంగా పడ్డాయి. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

అసలు కారణం వైఫై ఫ్రేము, అంటే ఒక్కసారిగా పంపే డేటా పొట్లం, నిర్మాణంలో ఉంది. కేబులు మీద వెళ్లే ఈథర్నెట్ ఫ్రేములో రెండే అడ్రసులుంటాయి, పంపినవారిది ఒకటి, అందుకోవలసినవారిది ఒకటి. మధ్యలో ఎన్ని స్విచ్చిలున్నా అవి ఆ రెండింటినీ ముట్టుకోవు. వైఫైలో అలా కుదరదు. గాలిలో ప్రతి ఫ్రేమునూ ఏ రేడియో పంపింది, ఏ రేడియో అందుకోవాలి అన్నది విడిగా తెలియాలి, ఎందుకంటే అందినట్టు రసీదు వెంటనే వెళ్లవలసింది పంపిన రేడియోకే. మామూలు క్లయింటు, అంటే ఫోను లేదా ల్యాప్‌టాప్, యాక్సెస్ పాయింటుకు (వైఫై ఇచ్చే రేడియోకు) పంపే ఫ్రేములో మూడు అడ్రసులుంటాయి: అందుకునే రేడియో, పంపే రేడియో, చివరికి చేరవలసిన పరికరం. మొదట పుట్టించిన పరికరానికి నాలుగో గడి ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు, ఫోను విషయంలో పంపే రేడియో, పుట్టించిన పరికరం రెండూ ఒకటే కాబట్టి.

ఇప్పుడు మీ షెడ్డులోని రేడియోను చూడండి. మీరు దాన్ని మామూలు స్టేషను పద్ధతిలో పెట్టి ఉంటారు. అంటే ఇంటివైపు రేడియో దృష్టిలో అది ఒక ఫోనుతో సమానం. కెమెరా పుట్టించిన ఫ్రేమును అది గాలిలోకి పంపేటప్పుడు కెమెరా మ్యాక్ అడ్రసు రాయడానికి చోటు లేదు, అందుకని తన సొంత అడ్రసునే రాస్తుంది. తిరిగి వచ్చే ఫ్రేముల్లో అడ్రసు దానిదే ఉంటుంది కనుక, లోపలి ఐపీ అడ్రసును చూసి, ఏ ఐపీ ఏ పరికరానిదో తన దగ్గరున్న పట్టికతో పోల్చి, మ్యాక్ అడ్రసును మార్చి సరైన కెమెరాకు అందజేస్తుంది. ఆరు ఇళ్ల ఉత్తరాలు ఒకే గడపకు చేరి, అక్కడి మనిషి పేర్లు చదివి పంచిపెట్టినట్టన్నమాట. ఉత్తరాలు చేరుతూనే ఉంటాయి, కాని బయటివారికి తెలిసేది ఆ ఒక్క గడపే. అందువల్ల మీ ల్యాప్‌టాప్ ఏఆర్‌పీ పట్టికలో ఆరు ఐపీలకూ ఒకే మ్యాక్ ఉండడం, ఈ పద్ధతిలో నడిచే బ్రిడ్జి సక్రమంగా పనిచేస్తోందనడానికి గుర్తు. రౌటరు పేజీలో ఒకే వరుస ఐపీ మారుతూ కనిపించడానికి కారణం కూడా ఇదే. చాలా ఇంటి రౌటర్లు పరికరాలను మ్యాక్ అడ్రసుతోనే గుర్తిస్తాయి. ఒకే మ్యాక్ అడ్రసుతో ఆరు ఐపీలు వస్తే వాటిని ఆరు పరికరాలుగా కాక, ఐపీ మార్చుకుంటున్న ఒకే పరికరంగా లెక్కిస్తాయి.

బైండింగు పెట్టగానే కెమెరా మాయమవడం చాలామందికి వింతగా తోస్తుంది. మీరు ఎక్కించిన మ్యాక్ అడ్రసు కెమెరాకు నిజంగా ఉన్న అడ్రసే. అయితే ఆ బైండింగుతో మీరు రౌటరుకు ఇచ్చిన ఆదేశం ఏమిటంటే, ఫలానా ఐపీకి వెళ్లే ఫ్రేములన్నిటి మీదా ఈ మ్యాక్ అడ్రసే రాయమని. రౌటరు అలాగే రాసింది. ఆ ఫ్రేము ఇంటివైపు రేడియోకు చేరింది. ఆ రేడియో తనతో కలిసి ఉన్న స్టేషన్ల జాబితా చూసుకుంది. అందులో ఉన్నది షెడ్డు రేడియో ఒక్కటే, కెమెరా మ్యాక్ అడ్రసు లేదు. తనకు తెలియని అడ్రసుకు గాలిలో ఫ్రేము పంపడానికి దారి లేక దాన్ని వదిలేసింది. కాబట్టి మరే పని చేయకముందే ఆ బైండింగు తీసివేయండి, కెమెరా తిరిగి వస్తుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. రౌటరు పేజీల్లో పక్కపక్కనే కనిపించే డీహెచ్‌సీపీ రిజర్వేషనూ, ఐపీ-మ్యాక్ బైండింగూ ఒకటి కావు. డీహెచ్‌సీపీ అంటే పరికరాలు అడిగినప్పుడు రౌటరు వాటికి ఐపీలు పంచే పద్ధతి; ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇవ్వమని ముందే రాసిపెట్టడం రిజర్వేషను. డీహెచ్‌సీపీ అభ్యర్థనలో పరికరం తన మ్యాక్ అడ్రసును ఫ్రేము పైభాగంలోనే కాక, సందేశం లోపల కూడా రాస్తుంది. రౌటరు రిజర్వేషను కోసం చూసేది లోపలి అడ్రసునే. బ్రిడ్జి పైనున్న అడ్రసు మార్చినా, చాలా సందర్భాల్లో లోపలిదాన్ని అలాగే ఉంచుతుంది. అందువల్ల మీ రౌటరులో డీహెచ్‌సీపీ లీజుల పేజీ విడిగా ఉంటే ఒకసారి తెరిచి చూడండి. అక్కడ ఆరు పరికరాలూ ఆరు నిజమైన మ్యాక్ అడ్రసులతో కనిపించే అవకాశం చాలా ఉంది. అక్కడ ఆరు, ఏఆర్‌పీ పట్టికలో ఒకటి కనిపిస్తే నేను చెప్పిన కారణం రుజువైనట్టే.

ఏ పేజీ ఏ పట్టికను చూపిస్తోందో తెలుసుకోకుండా ఈ సమస్యలోకి దిగితే దారి తప్పుతాం. వైర్‌లెస్ క్లయింట్ల జాబితా గాలిలో నేరుగా కలిసిన రేడియోలను మాత్రమే చూపుతుంది, అందులో షెడ్డు రేడియో ఒక్కటే ఉండడం ఎప్పుడూ సరైనదే. డీహెచ్‌సీపీ లీజుల జాబితా ఐపీ అడిగి తీసుకున్నవారిని చూపుతుంది. చేత్తో స్థిరమైన ఐపీ పెట్టిన పరికరం అందులో ఉండదు, నిన్న వెళ్లిపోయిన పరికరం లీజు గడువు తీరేదాకా ఉంటుంది. ఏఆర్‌పీ పట్టిక ఇటీవల మాట్లాడుకున్నవారిని చూపుతుంది. స్విచ్చి లేదా బ్రిడ్జిలోని ఫార్వర్డింగు పట్టిక ఏ మ్యాక్ ఏ పోర్టు వైపు ఉందో చూపుతుంది. లినక్సు మీద నడిచే రేడియోల్లో మౌనంగా ఉన్న అడ్రసు ఆ పట్టికలో సాధారణంగా 300 సెకన్లే నిలుస్తుంది. కొన్ని రౌటర్లు వీటన్నిటినీ కలిపి కలుపబడిన పరికరాలు అనే ఒకే పేజీగా చూపిస్తాయి. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

పరీక్ష కష్టం కాదు. ఇంటి రౌటరుకు ల్యాప్‌టాప్‌ను కేబులుతో కలపండి. షెడ్డులోని ఒక్కో ఐపీని పింగ్ చేసి, వెంటనే కమాండు విండోలో 'ఏఆర్‌పీ -ఎ' (ఇంగ్లీషులో arp -a) ఇవ్వండి. వచ్చిన మ్యాక్ అడ్రసును షెడ్డు రేడియో అడుగున ఉన్న స్టిక్కరుతో పోల్చండి. రెండూ అక్షరం తప్పకుండా సరిపోకపోవచ్చు. రేడియోకు వైర్‌లెస్ వైపు ఒక మ్యాక్, కేబులు వైపు ఒక మ్యాక్ ఉంటాయి. అవి తరచుగా చివరి అంకెలోనో, మొదటి జతలోనో మాత్రమే తేడాగా ఉంటాయి. మధ్య జతలు కలిస్తే అది రేడియో అడ్రసేనని తీసుకోవచ్చు.

మ్యాక్ అడ్రసులో మొదటి జతలోని రెండో గుర్తు 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది కర్మాగారంలో ముద్రించిన అడ్రసు కాదని, సాఫ్ట్‌వేరు పుట్టించినదని అర్థం. షెడ్డులో వైఫై కూడా పెట్టి ఫోన్లు వాడుతుంటే ఇది తప్పక ఎదురవుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రసు వాడడం మామూలైపోయింది. కొన్ని రిపీటర్లు కూడా తమ వెనకున్న ప్రతి పరికరానికీ ఒక కల్పిత అడ్రసు పుట్టిస్తాయి; మొదటి మూడు జతలను మార్చి, చివరి మూడు జతలను అసలు పరికరంవే ఉంచుతాయి. అటువంటి చోట స్టిక్కరుతో పోల్చేటప్పుడు చివరి మూడు జతలనే చూడాలి. మీరు వాడినవి రిపీటర్లు కావు కనుక ఈ విషయాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇక శాశ్వత పరిష్కారం. వైఫై ప్రమాణంలో నాలుగు అడ్రసుల ఫ్రేముకు కూడా మొదటి నుంచీ చోటుంది. దాన్ని వాడితే ఫ్రేము ముందుండే శీర్షిక (హెడరు) 24 బైట్ల నుంచి 30 బైట్లకు పెరుగుతుంది, కెమెరా దృశ్యాల వేగం మీద దాని ప్రభావం కనిపించదు. కాని ప్రమాణం ఆ ఫ్రేము రూపాన్ని చెప్పింది గాని, రెండు రేడియోలు దాన్ని వాడుకోవడానికి ఎలా ఒప్పందానికి రావాలో చెప్పలేదు. అందువల్ల ఒక్కో తయారీదారు ఒక్కో తీరుగా అమర్చి ఒక్కో పేరు పెట్టాడు. ఉబిక్విటీ రేడియోల్లో డబ్ల్యూడీఎస్ అనీ, ట్రాన్స్‌పరెంట్ బ్రిడ్జి అనీ, కొత్తవాటిలో పాయింట్-టు-పాయింట్ పద్ధతి అనీ కనిపిస్తుంది. మైక్రోటిక్‌లో స్టేషన్-సూడోబ్రిడ్జి అంటే అడ్రసులు మార్చే పద్ధతి, స్టేషన్-బ్రిడ్జి అంటే అడ్రసులను అలాగే దాటించే పద్ధతి. రెండోది ఇరువైపులా మైక్రోటిక్ ఉంటేనే పనిచేస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఒకవైపు యాక్సెస్ పాయింట్ డబ్ల్యూడీఎస్, రెండోవైపు క్లయింట్ డబ్ల్యూడీఎస్ అని ఎంచుకోవాలి. రెండు రేడియోలూ ఒకే కంపెనీవి అయితే ఈ పని పది నిమిషాల్లో ముగుస్తుంది. వేర్వేరు కంపెనీలవైతే పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను, జతను మార్చమనే సలహా ఇస్తాను.

మార్చేటప్పుడు వరుస ముఖ్యం. ముందు దూరంగా ఉన్న షెడ్డు రేడియోలో మార్చి సేవ్ చేయండి. లింకు తెగిపోవచ్చు, కంగారు పడకండి. ఆ తరువాత చేతికందే ఇంటివైపు రేడియోలో మార్చండి, లింకు తిరిగి కలుస్తుంది. ఇంటివైపు ముందు మారిస్తే షెడ్డు రేడియోను చేరే దారి మూసుకుపోయి, ల్యాప్‌టాప్ పట్టుకొని గట్టు దాకా నడవవలసి రావచ్చు, రేడియో స్తంభం మీద ఉంటే ఎక్కవలసీ రావచ్చు. మార్పుకు ముందు రెండింటి సెట్టింగులూ ఫైలుగా దాచుకోండి. మార్చిన వెంటనే పాత అడ్రసులే కనిపిస్తే మార్పు పనిచేయలేదని అనుకోవద్దు; రౌటరు, ల్యాప్‌టాప్, రికార్డరు తమ పాత ఏఆర్‌పీ పట్టికలను కొన్ని నిమిషాలు పట్టుకొని ఉంటాయి. రౌటరును ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆ జాప్యం తప్పుతుంది. ఆ తరువాత ఆరు ఐపీలకూ ఆరు మ్యాక్ అడ్రసులు రావాలి. అప్పుడు మీకు కావాలంటే బైండింగు పెట్టుకోవచ్చు, అది పనిచేస్తుంది.

షెడ్డు రేడియోను ఫైబర్ కంపెనీ ఇచ్చిన రౌటరు వైఫైకే నేరుగా కలిపినవారు కూడా ఇదే బాధతో అడుగుతుంటారు. ఆ రౌటర్లలో నాలుగు అడ్రసుల పద్ధతి సాధారణంగా దొరకదు. వారికి నేను చెప్పేది, ఆ రౌటరు లాన్ పోర్టుకు కేబులుతో సొంత యాక్సెస్ పాయింటు కలిపి, బ్రిడ్జిని దానితో జత చేయమని. అది కుదరకపోతే షెడ్డు వైపు రేడియోను రౌటరుగా మార్చి, అక్కడ 192.168.2 తో మొదలయ్యే వేరే వరుస ఇచ్చి, ప్రధాన రౌటరులో దానికి స్థిరమైన దారి (స్టాటిక్ రూటు) రాయడం మేలు. అప్పుడూ ప్రధాన రౌటరుకు ఒకే పరికరం కనిపిస్తుంది, కాని ఆ పరికరం ఏమిటో, దాని వెనక ఏముందో స్పష్టంగా ఉంటుంది. అరకొర బ్రిడ్జి కంటే ఇది నాకు నచ్చుతుంది. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) వాడేవారికైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అడ్రసులు మార్చే బ్రిడ్జిలు చాలావరకు ఐపీవీ4 ను మాత్రమే అర్థం చేసుకుంటాయి; వాటి వెనకున్న పరికరాల ఐపీవీ6 అడ్రసులు అసలు కనిపించవు, లేదా కనిపించినా జవాబివ్వవు.

జనరేటరు సంగతికి వస్తాను. కరెంటు మారినప్పుడు స్విచ్చి, కెమెరాలు, రేడియో అన్నీ ఒకేసారి ఆగి లేస్తాయి. కెమెరా లేచి ఐపీ అడిగే సమయానికి రేడియో లింకు ఇంకా కలిసి ఉండకపోవచ్చు. అడిగినా జవాబు రాకపోతే కంప్యూటరైతే 169.254 తో మొదలయ్యే అడ్రసు తనకు తానే పెట్టుకుంటుంది, కొన్ని కెమెరాలు కర్మాగారంలో ఇచ్చిన 192.168.1.108 లేదా 192.168.1.64 వంటి అడ్రసుకు పోతాయి. ఒకే కంపెనీ కెమెరాలు నాలుగూ ఒకే అడ్రసుకు పోతే ఒకదానితో ఒకటి గొడవపడి, ఒక్కోసారి ఒక్కోటి కనిపిస్తుంది.

దీనికి తోడు మూడు అడ్రసుల బ్రిడ్జిలో మరో చిక్కు ఉంది. రౌటరు తన డీహెచ్‌సీపీ జవాబును కెమెరా నిజమైన మ్యాక్ అడ్రసుకు నేరుగా పంపితే, బైండింగులో చూసినట్టే ఇంటివైపు రేడియో దాన్ని వదిలేస్తుంది. అందరికీ వినిపించేలా పంపమని కెమెరా తన అభ్యర్థనలో కోరితేనే, లేదా బ్రిడ్జి దాని తరఫున ఆ కోరికను చేర్చితేనే జవాబు చేరుతుంది. అలా కోరే పరికరాలున్నాయి, కోరనివీ ఉన్నాయి. ఒకే స్విచ్చి మీద ఒక కెమెరాకు ఐపీ వచ్చి పక్క కెమెరాకు రాకపోవడానికి ఇది కారణం కావచ్చు. నాలుగు అడ్రసుల పద్ధతికి మారితే ఈ చిక్కు తొలగిపోతుంది, లింకు ఆలస్యంగా కలవడం మాత్రం మిగులుతుంది. దానికి నా సలహా రెండు భాగాలు. షెడ్డు రేడియోకూ స్విచ్చికీ చిన్న యూపీఎస్ పెట్టండి, అవి తీసుకునే కరెంటు కొద్దిదే. కెమెరాలకూ రికార్డరుకూ రౌటరు పంచే వరుసకు బయట స్థిరమైన ఐపీలు చేత్తో పెట్టండి. ఉదాహరణకు రౌటరు 100 నుంచి 200 వరకు పంచుతుంటే కెమెరాలకు 21, 22, 23, 24 ఇవ్వవచ్చు. అప్పుడు అవి డీహెచ్‌సీపీ లీజుల పేజీలో కనిపించవు, అది సహజం.

మీరు అడగకపోయినా రేడియోల సొంత అడ్రసుల గురించి ఒక మాట చెప్పాలి. బ్రిడ్జికి ఇతరుల ఫ్రేములు దాటించడానికి ఐపీ అడ్రసే అవసరం లేదు, అది మనం దాని పేజీ తెరవడానికి మాత్రమే. కర్మాగారం నుంచి రెండు రేడియోలూ 192.168.1.20 వంటి ఒకే అడ్రసుతో వస్తాయి. మీ రౌటరు 192.168.29.1 లేదా 192.168.0.1 మీద ఉంటే ఆ రేడియోలు పనిచేస్తూనే ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు, ఏ జాబితాలోనూ కనిపించవు. ల్యాప్‌టాప్‌కు తాత్కాలికంగా 192.168.1.50 పెట్టుకొని, ఒక్కో రేడియోను విడిగా కేబులుకు కలిపి, మీ ఇంటి వరుసలోనే రెండు వేర్వేరు స్థిర ఐపీలు ఇవ్వండి. షెడ్డు రేడియోలో డీహెచ్‌సీపీ సర్వరు ఆన్‌లో ఉందేమో అదే సమయంలో చూసి, ఉంటే ఆపేయండి. రెండు సర్వర్లు పోటీపడి ఐపీలు పంచితే కెమెరాలకు ఎవరు ముందు జవాబిస్తే వారి ఐపీ వస్తుంది, జనరేటరు మారిన ప్రతిసారీ ఫలితం మారుతుంది. మీరు చెప్పిన తారుమారుకు ఇది కూడా కారణం అయి ఉండవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా ఏఆర్‌పీ పట్టికలో ఒకే మ్యాక్ కనిపిస్తే, రెండు రేడియోల మోడలు పేర్లు, వాటి వైర్‌లెస్ పేజీలో ఎంచుకున్న పద్ధతి, 'ఏఆర్‌పీ -ఎ' ఇచ్చినప్పుడు వచ్చిన వరుసలు రాయండి. మ్యాక్ అడ్రసుల్లో చివరి మూడు జతలను కప్పి, మొదటి మూడు జతలే రాస్తే చాలు, అడ్రసును రాస్తున్నది ఏ తయారీదారు పరికరమో వాటిని బట్టే తెలుస్తుంది.